పాజ్ నొక్కితే కనిపించిన అనిమే

1984లో వచ్చిన జపాన్ యానిమేషన్ (అనిమే) సినిమా మాక్రాస్‌లో ఒక ఆకాశయుద్ధం ఉంది. తెల్లటి పొగ తోకలతో మిసైళ్లు గుంపులు గుంపులుగా మెలికలు తిరుగుతూ విమానం వెంటపడతాయి. యానిమేటర్ ఇటానో ఇచిరో పేరు మీద ఈ పద్ధతిని ‘ఇటానో సర్కస్’ అంటారు. ఆ గుంపులో ఒక బీరు క్యాను కూడా ఎగురుకుంటూ పోతుంది. గీసినవాళ్ల చిలిపితనం అది. మామూలు స్పీడులో కంటికి ఆనదు, పాజ్ కొట్టాలి. కొట్టాక తెర మీద కనిపించేది క్యానా, ఒట్టి మరకా అన్నది డెక్కులో ఏం పెట్టామన్నదాన్ని బట్టి ఉండేది.

అనిమే చూడటం వేరు, చదవటం వేరు. చూడటానికి ఏ కేసెట్టైనా చాలు. ఈ నడకకు ఎన్ని డ్రాయింగులు గీశారు, ఒక్కో డ్రాయింగును ఎంతసేపు నిలబెట్టారు, దెబ్బ తగిలే క్షణంలో మధ్య డ్రాయింగులు ఎన్ని ఎగరగొట్టారు అని లెక్కపెట్టాలంటే మాత్రం బొమ్మను ఆపాలి, ఒక్కో అడుగు ముందుకు జరపాలి, అలాగే వెనక్కీ జరపాలి. ఇన్నేళ్లలో వచ్చిన ప్రతి ఫార్మాటూ ఈ మూడింటిలో ఒకటో రెండో చక్కగా చేసి, మిగిలింది చెడగొట్టింది. అందుకే బొమ్మ ఎంత నీటుగా ఉందన్నది మాకు ఎప్పుడూ రెండో ప్రశ్నే. ఆపితే ఆగుతుందా అన్నది మొదటిది.

వీహెచ్‌ఎస్ వీడియో కేసెట్టుతోనే మొదలుపెట్టాలి. జేవీసీ దాన్ని 1976లో తెచ్చింది. 1983 డిసెంబరులో ‘డాలోస్’ వచ్చేనాటికి జపాన్‌లో ఒక అనిమేను టీవీకీ థియేటరుకీ కాకుండా నేరుగా కేసెట్టు కోసమే తీయడం మొదలైంది. ఓవీఏ (ఒరిజినల్ వీడియో యానిమేషన్) అన్న మాట అక్కడిదే. దాని దర్శకుడు ఒషీ మమోరు. అంటే ఈ కథలో కేసెట్టు ఒక నకలు కాదు, ఆ తరం అనిమేకు అదే అసలు ఇల్లు.

ఆ ఇల్లు ఇరుకు. వీహెచ్‌ఎస్‌లో వెలుగునీడల వివరం అడ్డంగా సుమారు 240 గీతలకు మించదు. రంగు పరిస్థితి ఇంకా ఘోరం, సుమారు 40. రంగు సిగ్నల్‌ను 629 కిలోహెర్ట్జ్‌కు దించి, టేపులో ఓ మూలన సర్దడమే దీనికి కారణం. మామూలు సినిమాలో ఇది పెద్దగా తెలియదు. అనిమేలో మాత్రం నల్ల గీత లోపల పరిచిన ఎర్ర రంగు గీత దాటి పక్కకు కారుతుంది. ఎర్ర జాకెట్టు వేసుకున్న పాత్ర పరిగెత్తితే జాకెట్టు ఒక అడుగు వెనకాల వస్తున్నట్టుంటుంది. కేసెట్టు నుంచి కేసెట్టుకు కాపీ చేసిన ప్రతిసారీ రంగు ఇంకాస్త కిందికి, కుడికి జారుతుంది. మూడో తరం కాపీ వచ్చేసరికి పెదవుల రంగు గడ్డం మీద ఉండేది.

పాజ్ కొడితే ఏమవుతుందో దగ్గరగా చూద్దాం. జపాన్, అమెరికా వీసీఆర్ లోపల డ్రమ్ము నిమిషానికి 1800 చుట్లు తిరుగుతూ టేపు మీద ఏటవాలుగా ట్రాకులు చదువుతుంది. టేపు కదులుతున్నప్పుడు ఆ ఏటవాలు సరిగ్గా కుదురుతుంది. పాజ్‌లో టేపు ఆగిపోతుంది, డ్రమ్ము తిరుగుతూనే ఉంటుంది. కోణం కాస్త తప్పుతుంది, హెడ్డు పక్క ట్రాకులోకి దొర్లుతుంది. తెర మీద అడ్డంగా ఊగే బూడిద పట్టీ అదే. రెండు హెడ్ల డెక్కులో అది సరిగ్గా పాత్ర మొహం మీదే వచ్చి కూర్చునేది. నాలుగు హెడ్ల డెక్కులో ఆ బెడద తగ్గింది. అయినా కనిపించేది ఒక ఫీల్డే, అంటే ఫ్రేములో సగం గీతలు. ఎంతసేపైనా ఆపుదామంటే కుదరదు. హెడ్డు అదే చోట రుద్దుతూ ఉంటుంది కాబట్టి, టేపు పాడవకుండా చాలా డెక్కులు ఐదు నిమిషాలకు అటూ ఇటూగా వాటంతట అవే స్టాప్ అయ్యేవి. అందరికీ ఇష్టమైన సీను ఉన్నచోటే కేసెట్టు ముందుగా అరగడానికి కారణం ఇదే. అద్దె కేసెట్టులో చుక్కలు ఎక్కడ మొదలయ్యాయో చూస్తే చాలు, అంతకుముందు జనం ఎక్కడ పాజ్ కొట్టారో తెలిసిపోయేది.

టేపు స్పీడు ఇంకో చిక్కు. టీ-120 కేసెట్టు మామూలు స్పీడైన ఎస్‌పీలో 2 గంటలు, నెమ్మది స్పీడైన ఈపీలో 6 గంటలు నడుస్తుంది. ఈపీలో టేపు మూడో వంతు వేగంతో పోతుంది, ట్రాకు వెడల్పు 58 మైక్రాన్ల నుంచి 19కి పడిపోతుంది. 6 గంటలంటే 24 నిమిషాల ఎపిసోడ్లు 15 పడతాయి, ఆశ పుడుతుంది. కానీ ఈపీలో రికార్డు చేసింది వేరే డెక్కులో ట్రాకింగ్ కుదరక ఏడిపించేది. దాచుకుని చదవదలచింది ఎస్‌పీలోనే ఎక్కించాలన్నది అప్పట్లో అందరూ ఒప్పుకున్న ఒకే ఒక్క సూత్రం. 1987లో వచ్చిన ఎస్-వీహెచ్‌ఎస్ వివరాన్ని 400 గీతలకు పెంచింది, రంగును మాత్రం ఉన్నచోటే వదిలేసింది. దాని డెక్కుల్లో వచ్చిన జాగ్ షటిల్ చక్రం మాత్రం అద్భుతం. లోపలి చక్రాన్ని వేలితో ఒక గాడి తిప్పితే ఒక అడుగు ముందుకు, ఒక గాడి వెనక్కి. చేతికి ఆ స్పర్శ అలవాటైనవాళ్లకు కీబోర్డు బటన్లు ఇప్పటికీ చప్పగానే ఉంటాయి.

మన దగ్గర ఇంకో తలనొప్పి ఉండేది. టీవీ సిగ్నల్ పద్ధతుల్లో జపాన్, అమెరికా కేసెట్లవి ఎన్‌టీఎస్‌సీ (60 హెర్ట్జ్), మనది పాల్ (50 హెర్ట్జ్). గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు తెచ్చిన మల్టీసిస్టమ్ వీసీఆర్ ఉన్న ఇంట్లో కేసెట్టు ఆడేది గానీ, టీవీ ఒప్పుకోవాలి కదా. బొమ్మ పైకీ కిందికీ దొర్లుతోందంటే టీవీ 60 హెర్ట్జ్‌ను పట్టుకోలేకపోతోందని. బొమ్మ నిలబడి బ్లాక్ అండ్ వైట్‌లో వస్తోందంటే 60 హెర్ట్జ్ పట్టింది, రంగు కోడు అర్థం కాలేదని. మొదటిది సెట్టు వెనకాల బొమ్మను నిలబెట్టే వి-హోల్డ్ మర తిప్పితే కొన్నిసార్లు దారికొచ్చేది. రెండోదానికి ఎక్కువగా టీవీ మార్చడమే మందు.

అమెరికాలో అభిమానులు సబ్‌టైటిళ్లు వేసుకున్న పద్ధతి చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. జపాన్ లేజర్‌డిస్క్ ఒక పక్క, అమిగా కంప్యూటరు ఇంకో పక్క, మధ్యలో జెన్‌లాక్ అనే పెట్టె. డిస్కు నుంచి వచ్చే బొమ్మ మీద కంప్యూటరు అక్షరాలను పేర్చి, ఎస్-వీహెచ్‌ఎస్ మాస్టరులోకి ఎక్కించేవారు. కావలసినవాళ్లు ఖాళీ కేసెట్టు, తిరుగు తపాలా బిళ్ళలు పంపితే కాపీ చేసి పంపేవారు. ఒక్కో వాక్యం ఏ క్షణంలో మొదలై ఏ క్షణంలో పోవాలో చేత్తో కుదిర్చినవాళ్లు ఆ అనిమేను ఎంత దగ్గరగా చదివి ఉంటారో ఊహించుకోండి.

ఇక లేజర్‌డిస్క్. మన ఊళ్లలో దీన్ని కళ్లతో చూసినవాళ్లే తక్కువ. భోజనం పళ్లెమంత, 30 సెంటీమీటర్ల వెండి డిస్కు. చూడటానికి సీడీకి పెద్దన్నలా ఉన్నా బొమ్మ డిజిటల్ కాదు, అనలాగే. అమెరికాలో 1978లో, జపాన్‌లో పయొనీర్ ద్వారా 1981లో వచ్చింది. వివరం సుమారు 425 గీతలు. అంటే వీహెచ్‌ఎస్‌కు రెండింతలకు దగ్గర.

అసలు సంగతి సీఏవీ, సీఎల్‌వీ అన్న రెండు రకాల్లో ఉంది. సీఎల్‌వీలో ఒక వైపు 60 నిమిషాలు పడుతుంది, కానీ మామూలు ప్లేయరులో పాజ్ కొడితే బొమ్మ మాయమవుతుంది. డిజిటల్ మెమరీ ఉన్న ఖరీదైన ప్లేయరైతేనే నిలుస్తుంది. సీఏవీలో పడేది 30 నిమిషాలే. అయితే డిస్కు ఒక చుట్టు తిరిగితే సరిగ్గా ఒక ఫ్రేము. పాజ్ అంటే లేజరు అదే చుట్టు మీద మళ్లీ మళ్లీ నడవడం. టేపులా ఏదీ రాసుకోదు, ఏదీ అరగదు. పొద్దున ఆపి సాయంత్రం దాకా అలాగే ఉంచినా బొమ్మ చెక్కుచెదరదు. ప్రతి ఫ్రేముకూ ఒక నంబరు, వైపుకు 54,000 దాకా. రిమోట్‌లో నంబరు కొడితే సరిగ్గా అక్కడికే వెళ్లి నిలబడుతుంది. ముందుకు ఎంత తేలికో వెనక్కీ అంతే తేలిక. 124 నిమిషాల సినిమా సీఏవీలో 5 వైపులు తింటుంది, అంటే 3 డిస్కులు, నాలుగుసార్లు లేచి మార్చుకోవడం. సినిమా చూద్దామని కూర్చున్నవాడికి చిరాకు. చదవటానికి కూర్చున్నవాడికి మాత్రం అంతకు మించిన యంత్రం ఆ తరవాత పదిహేనేళ్ల దాకా రాలేదని మొహమాటం లేకుండా చెప్పొచ్చు.

లెక్క ఎలా కట్టేవారంటే, అనిమేను ఫిల్ముకు తగ్గట్టు సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తీస్తారు. ప్రతి ఫ్రేముకూ కొత్త డ్రాయింగు ఉండదు. ఒక డ్రాయింగును రెండు ఫ్రేములు నిలబెడితే ‘రెండ్ల మీద’, సెకనుకు 12 డ్రాయింగులు. మూడు ఫ్రేములైతే ‘మూళ్ల మీద’, సెకనుకు 8. టీవీ అనిమేలో ఎక్కువ భాగం మూళ్ల మీదే నడుస్తుంది. యానిమేటర్ కనాడ యోషినోరి లాంటివాళ్ల సీన్లు తీసుకుంటే ఒంట్లు, రెండ్లు, మూళ్లు కలగలిపి ఉంటాయి. ఆ తాళం పట్టుకోవడానికే ఇదంతా.

కానీ ఎన్‌టీఎస్‌సీ వీడియో సెకనుకు సుమారు 30 ఫ్రేములు, అంటే 60 ఫీల్డులు. 24ను 60లోకి సర్దడానికి ఒక ఫిల్ము ఫ్రేమును 3 ఫీల్డులు, తరవాతిదాన్ని 2 ఫీల్డులు చొప్పున పరుస్తారు. సగటున ఒక ఫిల్ము ఫ్రేముకు రెండున్నర ఫీల్డులు. దీంతో ప్రతి 5 వీడియో ఫ్రేముల్లో 3 శుభ్రంగా ఉంటాయి, 2 మాత్రం పక్కపక్క ఫిల్ము ఫ్రేముల కలగాపులగం. కదిలే సీను మధ్యలో సీఏవీ డిస్కు ఆపినప్పుడు చెయ్యి రెండు చోట్ల గడగడ వణుకుతూ కనిపిస్తే ప్లేయరు పాడైనట్టు కాదు, కలగాపులగం ఫ్రేము మీద ఆపామన్నమాట. ఒకటో రెండో అడుగులు జరిపితే కుదుటపడుతుంది. ఫ్రేము నంబర్ల తేడాను 0.8తో గుణిస్తే ఫిల్ము ఫ్రేములొస్తాయి. 12,400 నుంచి 12,460 వరకు ఒక షాట్ ఉందనుకోండి. 60 ఫ్రేములు, అంటే 2 సెకన్లు, 48 ఫిల్ము ఫ్రేములు. అందులో 24 డ్రాయింగులు లెక్కకొస్తే రెండ్ల మీద గీశారు, 16 వస్తే మూళ్ల మీద. 19 వచ్చిందా, సరదా అక్కడ మొదలవుతుంది. ఎక్కడ రెండు, ఎక్కడ మూడు అని కాగితం మీద నిలువుగా రాసుకోవాలి. జపాన్ స్టూడియోల టైమ్‌షీట్‌లో ఒక పేజీ అంటే 6 సెకన్లు, 144 గళ్లు. లెక్కల నోటుపుస్తకంలో అలాంటి గళ్లే గీసుకుని, డిస్కు చూసి షీటును వెనక్కి కట్టేవారు.

దీంట్లో అందరూ పడే గొయ్యి ఒకటుంది. పాత్ర మూళ్ల మీద నడుస్తుంటే వెనక బ్యాక్‌గ్రౌండు ఒంట్ల మీద జరుగుతుంటుంది. ప్రతి ఫ్రేమూ మారినట్టే కనిపిస్తుంది. బ్యాక్‌గ్రౌండు చూడకుండా, పాత్ర మోకాలో భుజమో ఒక్కదాని మీదే కన్ను పెట్టాలి. దానికంటే పక్కా గుర్తు దుమ్ము. సెల్ (డ్రాయింగును ఎక్కించి రంగులేసే పారదర్శక రేకు) మీద పడ్డ నలుసు, సెల్ అంచు వేసే సన్నటి నీడ, ఇవి డ్రాయింగు మారినప్పుడు ఠక్కున చోటు మారతాయి. నలుసు కదలకపోతే సెల్ మారలేదు. అయితే వీహెచ్‌ఎస్‌లో నలుసు కనబడదు, లేజర్‌డిస్క్‌లో లీలగా తెలుస్తుంది, మంచి బ్లూరేలో స్పష్టంగా కనిపిస్తుంది.

లేజర్‌డిస్క్ లోపాలూ చిన్నవి కావు. డిస్కులో ఉండేది కాంపోజిట్ సిగ్నల్, అంటే వెలుగు, రంగు ఒకే తీగలో. వాటిని విడదీసే పని కోంబ్ ఫిల్టరుది. అది నాసిరకమైతే రంగుల అంచున చుక్కలు చీమల్లా పాకుతాయి, సన్నటి గీతల మీద ఇంద్రధనుస్సు పూస్తుంది. ప్లేయరుకు ఎస్-వీడియో సాకెట్టు ఉంది కదా అని అదే వాడేయడం చాలామంది చేసిన పొరపాటు. ఆ సాకెట్టు వాడితే ప్లేయరులోని ఫిల్టరే పని చేస్తుంది. టీవీలోనో క్యాప్చర్ కార్డులోనో అంతకంటే మంచి 3డీ ఫిల్టరు ఉంటే పసుపు కాంపోజిట్ తీగ పెట్టడమే మేలు. కదలని బ్యాక్‌గ్రౌండు మీద 3డీ ఫిల్టరు అద్భుతంగా పనిచేస్తుంది. అనిమేలో కదలని బ్యాక్‌గ్రౌండుకు కొదవేముంది! ఇంకో జబ్బు లేజర్ రాట్. రెండు పొరల్ని అతికించిన జిగురు చెడి, లోపలి అల్యూమినియం పూత తుప్పు పడుతుంది. తెర మీద రంగురంగుల మిణుగురులు మొదలై ఏడాదికేడాది పెరుగుతాయి. దానికి మందు లేదు. దాచిన తీరు వల్ల కాదు, తయారీలోనే వచ్చిన లోపం.

నలుపు విషయంలో జపాన్‌కూ అమెరికాకూ చిన్న తేడా ఉంది. సిగ్నల్ వెలుగును ఐఆర్‌ఈ అనే కొలతలో చెబుతారు. అమెరికా ఎన్‌టీఎస్‌సీలో నలుపు 7.5 ఐఆర్‌ఈ దగ్గర మొదలవుతుంది, జపాన్‌లో 0 దగ్గర. జపాన్ డిస్కును అమెరికా పద్ధతికి కుదిర్చిన సెట్టులో వేస్తే రాత్రి సీన్లు బొగ్గైపోతాయి. ఆ పాత క్యాప్చర్లు చూసి “అప్పటి అనిమే ఎంత చీకటిగా ఉండేదో” అని వ్యాసాలు రాసినవాళ్లూ ఉన్నారు. చీకటి అనిమేది కాదు, సెట్టింగుది.

వీసీడీ దగ్గర ఎక్కువసేపు ఆగను. 1993లో ఖాయమైన ప్రమాణం, బొమ్మ 352×240, మన పాల్‌లో 352×288. వీడియోకు సెకనుకు 1150 కిలోబిట్లు, డిస్కుకు 74 నిమిషాలు, అంటే మూడు ఎపిసోడ్లు. సినిమా అంటే రెండు డిస్కులు, ఇంటర్వెల్ ఎక్కడొచ్చినా సరే మొదటి డిస్కు ఎక్కడ అయిపోతే అక్కడే విశ్రాంతి. మన ఆసియా దేశాల్లో ఇంటింటికీ వెళ్లింది ఇదే. దీని ఎంపెగ్-1 కుదింపుకు నల్ల గీతలంటే పడదు. గీత చుట్టూ దోమల గుంపు ముసిరినట్టు ఉంటుంది, పేలుడు సీనొస్తే తెరంతా గళ్ల లుంగీ. ఒక్క మంచి గుణం, పాజ్ కొడితే వణుకు ఉండదు. సగం గీతలు ముందే పారేశారు కాబట్టి వణకడానికి రెండో ఫీల్డే లేదు.

డీవీడీ జపాన్‌లో 1996 నవంబరులో వచ్చింది. రెండు భాషల ఆడియో, కావాలంటే సబ్‌టైటిళ్లు, వద్దంటే తీసేయొచ్చు. అమెరికాలో అంతకుముందు సబ్ కేసెట్టు వేరు, డబ్ కేసెట్టు వేరు, సబ్‌కు ఎక్కువ ధర. ఆ బాధ ఒక్కసారిగా పోయింది. బొమ్మ 720×480. తిప్పనక్కర్లేదు, అరగదు. అందరం లేజర్‌డిస్క్‌ను పూర్తిగా మరిచిపోయాం. వెనక్కి ఒక్క అడుగు వేయబోయినప్పుడు గుర్తొచ్చింది.

డీవీడీలో ప్రతి ఫ్రేమూ పూర్తిగా ఉండదు. సుమారు 15 ఫ్రేములకు ఒకటి మాత్రమే సంపూర్ణం, మిగతావి దానికీ వీటికీ తేడాలు. ముందుకు నడవడం తేలిక. వెనక్కి ఒక ఫ్రేము కావాలంటే ప్లేయరు ఆ సంపూర్ణమైన ఫ్రేము దాకా వెళ్లి, అక్కణ్ణుంచి మళ్లీ లెక్క కట్టుకుంటూ రావాలి. చాలా ప్లేయర్లు ఆ శ్రమ పడకుండా అర సెకను వెనక్కి దూకేసేవి. దెబ్బ తగిలే క్షణాన్ని ముందూ వెనకా ఆడించి చూడటం అనే పని, సీఏవీలో చిటికెలో అయ్యేది, డీవీడీ ప్లేయరులో నరకం. కంప్యూటరు మీద ఆడించడం వచ్చాకే ఆ పీడ విరగడైంది.

డిస్కు కొనే ముందు చేయదగిన ఒక లెక్క. 4.7 జీబీ డిస్కులో 4 ఎపిసోడ్లు, 96 నిమిషాలు ఉంటే సెకనుకు సుమారు 6.5 మెగాబిట్లు దొరుకుతాయి, బాగుంటుంది. 8.5 జీబీ డిస్కులో 13 ఎపిసోడ్లు కుక్కితే 312 నిమిషాలకు 3.6 మెగాబిట్లు, అందులోంచే రెండు భాషల ఆడియో కూడా పోవాలి. చవగ్గా వచ్చిన బాక్సు సెట్టులో గీతల చుట్టూ దోమలు ఎందుకు తిరిగి వచ్చాయో దీన్నిబట్టి తెలుస్తుంది. తొలినాటి డీవీడీల్లో ఇంకో పాపం, గీతలు పదునుగా కనిపించాలని ఎడ్జ్ ఎన్‌హాన్స్‌మెంట్ పెంచేవారు. నల్ల గీత పక్కన తెల్ల గీత పుట్టుకొచ్చేది. అనిమేటరు గీయని గీత అది.

పాల్ దేశాల డీవీడీలతో జాగ్రత్త. రెండు రకాలున్నాయి. ఫిల్ము నుంచి నేరుగా తీసి 24ను 25గా పరిగెత్తించినది ఒకటి. 100 నిమిషాల సినిమా 96 నిమిషాలకే అయిపోతుంది, గొంతులు కాస్త కీచుమంటాయి. చెవికి కష్టమే గానీ ప్రతి డ్రాయింగూ శుభ్రంగా ఉంటుంది, 25ను 24 అనుకుని లెక్కపెట్టుకుంటే సరి. రెండోది జపాన్ ఎన్‌టీఎస్‌సీ టేపును యంత్రంలో వేసి 60 ఫీల్డులను 50కి మార్చినది. గొంతులు సరిగ్గానే ఉంటాయి. కానీ ఫీల్డుల్ని ఒకదానిలో ఒకటి కలిపేస్తారు, ఎక్కడ ఆపినా రెండు దయ్యాలు కనిపిస్తాయి. మొదటిది చదవటానికి పనికొస్తుంది, రెండోది ఎంత మంచి ప్లేయరులో వేసినా పనికిరాదు.

ఏ ప్రాంతపు డిస్కు ఆ ప్రాంతపు ప్లేయరులోనే ఆడాలన్న రీజియన్ గొడవ కూడా అప్పుడే మొదలైంది. జపాన్ డీవీడీ రీజియన్ 2, అమెరికా 1, మనది 5. కంప్యూటరు డ్రైవులో రీజియన్ 5 సార్లు మార్చుకోవచ్చు, ఐదోసారి పెట్టిందే శాశ్వతం. చాలామందికి ఈ సంగతి ఐదోసారి తరవాతే తెలిసింది. బ్లూరేలో జపాన్, అమెరికా రెండూ రీజియన్ ‘ఏ’లోకి వెళ్లాయి. మనం రష్యా, చైనాలతో కలిసి ‘సీ’లో ఉన్నాం. ఇక్కడ కొన్న ప్లేయరులో జపాన్ డిస్కు ఆడుతుందని ఆశపడకండి. 4కే డిస్కులకు మాత్రం రీజియన్ లేదు.

2006లో బ్లూరే వచ్చాక ఫీల్డుల పీడ చాలావరకు పోయింది. 1080 గీతలు, ఫిల్ముకు తగ్గట్టు సెకనుకు 24 నిండు ఫ్రేములు. గుణకారాలు అక్కర్లేదు. ఒక అడుగు అంటే ఒక ఫ్రేము. ఇక ఇదే అంతిమం అనిపించింది గానీ ఇక్కడి మోసాలు వేరు. పాత టీవీ అనిమే ఎక్కువగా 16 మి.మీ. ఫిల్ము మీద తీసింది, దానికి రేణువులు ఎక్కువ. అవి కొనేవాళ్లకు మచ్చల్లా అనిపిస్తాయని శుభ్రం చేసే సాఫ్ట్‌వేరుకు అప్పగిస్తే రేణువులతో పాటు సన్నటి పెన్సిలు గీతలూ పోతాయి. కనురెప్పల వెంట్రుకలు, వేగం కోసం గీసిన గీతలు, ఇందాక చెప్పిన దుమ్ము నలుసు, అన్నీ. 4:3 బొమ్మను వెడల్పు టీవీకి నిండుగా చేయడానికి పైనా కిందా కలిపి పావు వంతు కోసేసినవీ ఉన్నాయి. 2000 ప్రాంతంలో డిజిటల్‌కు మారినప్పుడు మామూలు టీవీ సైజులోనే తయారైన సిరీస్‌లకైతే పెద్ద బొమ్మ అన్నదే లేదు. బ్లూరే పెట్టె మీద ఏం రాసినా అది సాగదీసిందే.

ఇంకో మెలిక. టీవీలో ప్రసారమైన ఎపిసోడూ, తరవాత డిస్కు మీద వచ్చిన ఎపిసోడూ ఒకటే కావు. గడువు ముంచుకొచ్చి హడావిడిగా గీసిన డ్రాయింగుల్ని డిస్కుకు ముందు సరిదిద్దుతారు. 1997 డిసెంబరు 16న పోకెమాన్ ఎపిసోడ్‌లోని మెరుపులకు వందల మంది పిల్లలు ఆస్పత్రి పాలయ్యాక, జపాన్ టీవీలో మెరుపు సీన్లను మసకబార్చి వేయడం అలవాటైంది. డిస్కులో ఆ మసక తీసేస్తారు. ఆ వారం ఇంట్లో ఎక్కించుకున్న వీహెచ్‌ఎస్ కేసెట్టు ఎంత నాసిరకమైనా, జనం నిజంగా చూసింది ఏమిటో దాంట్లోనే ఉంటుంది. ఒక ఎపిసోడ్‌ను గట్టిగా చదవాలంటే రెండూ పక్కపక్కన పెట్టుకోవాలి. టీవీ రికార్డింగు పారేయమని చెప్పేవాళ్ల మాట వినకండి.

ఒకే అనిమే ఫార్మాటు మారితే ఎంత మారుతుందో చెప్పడానికి మనకు బాగా తెలిసిన ఉదాహరణ సాకో యుగో, రామ్‌మోహన్‌లు చేసిన ఇండో-జపాన్ రామాయణం. 1993 జనవరిలో ఢిల్లీ చలనచిత్రోత్సవంలో ఆడింది. ఆ తరవాత మనవాళ్లు చాలామందికి టీవీలో, డిస్కుల మీద దొరికింది. 2025 జనవరి 24న 4కేలో బాగుచేసి, తెలుగు డబ్బింగుతో థియేటర్లకు తెచ్చారు. ఇన్నాళ్లూ టీవీలో రంగుల ముద్దలా తోచిన బ్యాక్‌గ్రౌండు చిత్రాల్లో కుంచె గీతలు పెద్ద తెర మీద విడివిడిగా తెలిశాయి.

ఇంట్లో అటక మీద పాత కేసెట్లుంటే ముందు ఫ్లాపు ఎత్తి టేపు అంచు చూడండి. తెల్లటి బూజు కనిపిస్తే, ముఖ్యంగా కోస్తా ఊళ్లలో అది తప్పదు, మంచి డెక్కులో అస్సలు పెట్టొద్దు. బూజు హెడ్లకు అంటుకుని, వాటి నుంచి తరవాతి కేసెట్టుకు ఎక్కుతుంది. సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా పట్టే డబ్బాలో రెండు వారాలు ఉంచి, అప్పుడు పాత డెక్కులో ఒకసారి పూర్తిగా ముందుకీ వెనక్కీ తిప్పండి. హెడ్డు తుడవాల్సి వస్తే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలు, మెత్తని షామీ తోలు ముక్క. తోలును కదలకుండా అదిమి పట్టుకుని డ్రమ్మును పైనుంచి చేత్తో తిప్పాలి. పైకీ కిందికీ రుద్దితే హెడ్డు విరుగుతుంది. ఇయర్‌బడ్ దూది పోగులు హెడ్డుకు చిక్కుకుంటాయి, అది వద్దు.

కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు టీబీసీ (ఊగే గీతల్ని సరిచేసే సర్క్యూటు) ఉన్న ఎస్-వీహెచ్‌ఎస్ డెక్కు, ఎస్-వీడియో తీగ, నష్టం లేని కోడెక్, 720×480 లేదా పాల్‌కు 720×576, ఇంటర్‌లేస్‌డ్‌గానే, అంటే రెండు ఫీల్డులూ విడివిడిగానే. గంటకు 30 జీబీ పైనే తింటుంది. అక్కడే డీఇంటర్‌లేస్ చేసి చిన్న ఫైలు చేసుకుందామనుకుంటే ఫీల్డులు పోతాయి, మళ్లీ రావు. లేజర్‌డిస్క్‌కు ఇప్పుడు ఇంకా మంచి దారి దొరికింది. ప్లేయరులోని లేజరు నుంచి వచ్చే ముడి సిగ్నల్‌నే నేరుగా పట్టుకుని, ఎల్‌డీ-డీకోడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో బొమ్మగా మారుస్తున్నారు. ఒకే డిస్కు కాపీలు మూడు నాలుగు దొరికితే ఒకదాని మిణుగురుల్ని ఇంకోదానితో పూడ్చేయొచ్చు కూడా.

చూసేటప్పుడు కంప్యూటరులో ఎంపీవీ అనే ప్లేయరు ప్రోగ్రాము చాలు. చుక్క నొక్కితే ఒక ఫ్రేము ముందుకు, కామా నొక్కితే ఒకటి వెనక్కి. డీఇంటర్‌లేస్ ఆపేసి ఉంచండి. దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తే కంగారు పడొద్దు, ఐదింటిలో రెండు అలాగే ఉంటాయి. ఐదు నొక్కులు నొక్కి, మూడు శుభ్రం, రెండు దువ్వెన అన్న వరస తప్పకుండా వస్తోందో లేదో చూసుకుంటే ఫిల్ము ఫ్రేములు వెనక్కి రాబట్టొచ్చు. వరస షాటుకో రకంగా తప్పుతుంటే టెలిసినీ (ఫిల్మును వీడియోలోకి ఎక్కించడం) చేశాక వీడియో మీద ఎడిట్ చేశారన్నమాట, ప్రతి షాటూ విడిగా లెక్కకట్టుకోవాలి. టైటిల్స్ పేర్లు మాత్రం దువ్వెనగానే మిగిలిపోతుంటే వాటిని తరవాత 60 ఫీల్డుల వీడియోలో అతికించారని అర్థం. వాటిని వదిలేసి కింద బొమ్మ లెక్క చూసుకోండి.